సోలారు సినిమాలో మనిషి

"వాడే! ఆ పెట్టె పక్కన కూసున్నది వాడే వదినె!"

వినయ్ ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. వెనకాల ఉన్నవాళ్లు "కూసోరా, నీ వీపు సూడనీకొచ్చినమా" అని కసిరారు. దేవమ్మ మాత్రం మరిది చెయ్యి గట్టిగా పట్టుకుని తెరకేసి చూస్తూ ఉండిపోయింది.

బడి ముందర రెండు గుంజలకు కట్టిన తెల్లబట్ట మీద సినిమా ఆడుతోంది. భూమి వేడెక్కిపోతోందనీ, బొగ్గూ కట్టెలూ తగ్గించి ఎండతో, గాలితో పని చేసుకోవాలనీ చెప్పే సినిమాలవి. నాగర్‌కర్నూల్ నుంచి వ్యానులో తెచ్చి గద్వాల చుట్టుపక్కల ఊళ్లలో రోజుకొకటి వేస్తున్నారు. ఈ రోజు ఎండ సినిమా. ముందువైపు కుర్చీలూ చాపలూ ఎప్పుడో నిండిపోయాయి. దేవమ్మ వాడవాళ్లు ఎప్పటిలాగే బట్టకు ఇవతల, నేల మీద సర్దుకున్నారు.

తెర మీద ఒకాయన ఎండలో పెట్టిన సోలారు పొయ్యి మూత తీసి, పొగలు కక్కే అన్నం చూపించి నవ్వుతున్నాడు. బాగా ఒళ్లు చేసిన మనిషి. నెత్తికి రుమాలు, కళ్లకు అద్దాలు. "ఈ రైతు పేరు వెంకటన్న" అని ఒక ఆడగొంతు చెబుతోంది. అతని మాట వినిపించడం లేదు.

"వెంకటన్న ఎవడు? గాడు మన కురుమూర్తి మేస్త్రీ! పేరు మార్చుకుండు లంగగాడు."

"జర నిమ్మలంగ ఉండు. నన్ను సూడనియ్యి," అంది దేవమ్మ.

కురుమూర్తి మేస్త్రీ ఆమె భర్త యోహానును పరాయి రాష్ట్రానికి కాల్వపనికి తోలుకుపోయాడు. తిరిగి ఒక్కడే వచ్చాడు. అడిగితే నేడో రేపో వస్తాడన్నాడు. చావు కబురు ఊరు చేరేసరికి మేస్త్రీ ఊరొదిలి పోయాడు.

"జరమొచ్చిన మనిషిని ఎండల, రైలు టేషన్ల పండవెట్టొచ్చిండు," దేవమ్మ ఎవరితోనో కాదు, తెరతోనే అంటున్నట్టు అంది. "ఎవరో తెల్వనోళ్లు మట్టి పోసిండ్రు. నాకు అంగీ ఒక్కటొచ్చింది. ఇప్పుడు గదే ఎండతోని అన్నం ఒండుకుంటుండా వీడు?"

తెర కింద ఊరి పేరేదో పడింది. వినయ్ కళ్లు చికిలించాడు. బడిలో చదివినవాడే గానీ ఒక్క అక్షరం అందలేదు.

"కన్నడం లెక్కుంది. రాయచూరు దిక్కు పోయి దాక్కుండు."

వాడలో మగవాళ్లు ఒక్కొక్కరే లేచి అతని చుట్టూ చేరారు. వినయ్ జనాన్ని ఎక్కించుకుని తిరిగే జీపు రోడ్డు పక్కనే ఉంది. ఎవరో చేతికి కట్టె కూడా తెచ్చుకున్నారు.

"వదినె, నువ్వు ఊ అను. ఇప్పుడే పోయి కాళ్లిరగ్గొట్టి తోలుకొస్తం. గంతే."

ఊ అనాలనే ఉంది దేవమ్మకు. పోయేనాడు యోహాను బస్సు కిటికీలోంచి ఏదో అన్నాడు. ఇంజను మోతలో అది వినపడలేదు. అది మళ్లీ అడగడానికి మనిషి లేకుండా చేసినవాడు ఇన్నేళ్లకు కంటబడ్డాడు. వాడే కావాలి, వాడే కావాలి అని లోపల్నించి ఒకటే కొట్టుకుంటోంది.

తెర మీద మనిషి ముఖం తిప్పాడు. చెంప మీద కాలిన మచ్చ!

"మచ్చ! డాంబరు వడ్డ మచ్చ! ఇంకేం గావాలె?" వినయ్ కేకేశాడు.

దేవమ్మ తన చెంపను తడుముకుని, మళ్లీ చూసింది. మళ్లీ చూసింది. మెల్లగా భుజాలు జారిపోయాయి.

"వాడు గాదు."

"గాదా? కండ్లు గిట్ల పోయినయా నీకు?"

"మేస్త్రీ మచ్చ ఎడమ చెంపకు. ఈయనది కుడి చెంపకున్నది. అన్నం గూడ ఎడమ చేత్తోని తీస్తుండు సూడు. మేస్త్రీది ఎడమచేతి వాటం గాదు."

"ఏ, మచ్చ ఉన్నది సాలదా?"

"సాలదు! నా మొగడు పోయిండని ఇంకొకామె మొగన్ని కుంటోణ్ణి చేయమంటవా? పోండ్రి ఇగ."

వినయ్ కాండ్రించి ఉమ్మి, జీపు వైపు నడిచాడు. మిగతావాళ్లూ గొణుక్కుంటూ అతని వెంట పోయారు. దేవమ్మ అక్కడే కూలబడింది. భర్త పోయిననాడు కూడా ఇంత ఒట్టిపోయినట్టు అనిపించలేదు. ఇన్నాళ్లూ పట్టుకుని బతికిన పగ దొరికినట్టే దొరికి, చేజారింది.

సినిమా అయిపోయింది. సర్పంచి ఆలస్యంగా వచ్చాడని మొదటినుంచీ మళ్లీ వేశారు. జనం పలచబడ్డారు. గొంతు ఎండిపోయి, దేవమ్మ లేచి నీళ్ల కోసం బట్టకు అవతల ఉన్న వ్యాను దగ్గరికి వెళ్లింది. సినిమా వేసే శ్రవణ్ కుమార్ గ్లాసు ముంచి ఇచ్చాడు.

"ఏడ్చినవా అమ్మా? గింత మంచి సినిమాకు ఏడుస్తరా?"

ఆమె చేతిలోని గ్లాసు నోటి దాకా పోలేదు. కళ్లు తెర మీదే ఆగిపోయాయి.

"సారూ, ఆ కింద కన్నడంల ఏం రాసిండ్రు?"

"కన్నడమేంది? తెలుగే గదా. సోమశిల అని రాసింది."

గ్లాసు కింద పడింది. దేవమ్మ చెప్పులు వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తింది. సినిమా చూసినవాళ్లను ఎక్కించుకుని కదలబోతున్న వినయ్ జీపుకు అడ్డంపోయి, ముందు రేకు మీద రెండు చేతులతో దబదబా బాదింది.

"రాయచూరు గాదురా, సోమశిలకు తియ్ జీపు! వాని మచ్చ ఎడమ చెంపకే ఉంది, మనమే బట్టకు ఎనక కూసున్నం!"