నలభై ఒకటో గుర్తు

హెలికాప్టర్‌లో తన సీటు ఎదుట పటం తగిలించుకునే క్లిప్పు కనిపించక, పెద్ద కెప్టెన్ గారు తలుపు దగ్గరే ఆగిపోయారు.

ఆ చోట నల్లని టాబ్లెట్ ఒకటి బిగించి ఉంది.

"ఈ పలక ఎవరు పెట్టారిక్కడ?"

"నేనేనండీ," అన్నాడు వెనకనుంచి టాబ్లెట్ కంపెనీ పంపిన ఒక బక్కపలచని మనిషి. "దారీ, గాలీ, బరువు లెక్కా అన్నీ ఇకమీదట ఇందులోనే. మీ క్లిప్పు పారెయ్యలేదండీ. ఇదుగో."

తుడిచి మరీ ఎడమచేత్తో అందించాడు. కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు.

కెప్టెన్ గారికి అది పొగరుగా తోచింది.

కొండల నడుమ రోగులను ఆసుపత్రికి చేరవేసే ఆ స్థావరంలో ఆయనది ఇరవై ఆరేళ్ళ అనుభవం. ఏ లోయకు అడ్డంగా ఏ కరెంటు తీగ వేలాడుతున్నదో ఎర్రపెన్సిలుతో గుర్తులు పెట్టిన ఆయన పటమే అక్కడ ప్రమాణం. బయలుదేరే ప్రతి పైలటూ ఆయన బల్లమీదికి తలవంచి, చూసుకొని వెళ్ళేవాడు.

వారం తిరిగేసరికి ఆ తలలన్నీ పలకమీదికి వంగాయి.

వాటిలో ఆయన మేనకోడలి తలా ఒకటి. ఆయన పక్కసీటు పైలటు ఆ అమ్మాయే. ఆయన చేతికింద విద్య నేర్చిన పిల్ల.

"గురువుగారూ, ఈ గాలి లెక్క ఇంకోసారి చూపిస్తారా?"

కెప్టెన్ గారు అలవాటుగా లేవబోయారు.

పిలిచింది ఆయనను కాదు.

మాత్సర్యం అరిషడ్వర్గంలో ఆఖరిదంటారు పెద్దలు. ఆఖరున వచ్చిన చుట్టమే ఒక పట్టాన కదలడు.

ఒకనాడు పలక పంతులు ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ పేరు పెట్టింది కెప్టెన్ గారే.

"అయ్యా, మీ పటం ఒక్కపూట ఇప్పిస్తారా? కంపెనీ ఇచ్చినదాంట్లో సగం తీగలు లేవండీ."

"ఇరవై ఆరేళ్ళ కష్టం. ఒక్కపూటలో మింగేద్దామనా?"

"మింగనండీ. పేరు మీదే ఉంటుంది."

"నీ పలకకి ఆకలేస్తే చార్జింగ్ పెట్టుకో. నా పటం మాత్రం పెట్టను."

అందరూ నవ్వారు. పంతులూ నవ్వాడు.

నవ్వులు దొరికేసరికి కెప్టెన్ గారు ఇంకొక మెట్టెక్కారు.

"కొత్తవాళ్ళంతా వినండి. పన్నెండేళ్ళ కిందట వేరే సంస్థ మహానుభావుడొకడు రెండో లోయలో తిన్నగా పోయి హెలికాప్టర్‌ని తీగకి తగిలించాడు. కళ్ళు నెత్తిన పెట్టుకుని నడిపితే అంతే మరి!"

పంతులు నవ్వు ఆగిపోయింది.

"అప్పటికి ఆ తీగ ఏ పటంలోనూ లేదండీ."

"నీకెవరు చెప్పారు?"

"విన్నానండీ."

మర్నాటినుంచి, మందుల పెట్టెలు చేరవేసే ప్రయాణాలలో అతడు వెనకసీటులో కూర్చోసాగాడు. నోరు విప్పడు. ఒళ్ళోని చిన్న పుస్తకంలో ఎడమచేత్తో వంకరటింకరగా ఏదో రాసుకుంటాడు.

నా తప్పులు ఏరుతున్నాడనుకున్నారు కెప్టెన్ గారు. పద్దెనిమిది రోజులు ఓర్చి మేనేజరు గదికి వెళ్ళారు.

"నా వెనక అతను కూర్చుంటే నేను నడపను. అతనో, నేనో తేల్చండి."

"సరే లెండి, ఎలాగూ అతని పని అయిపోవచ్చింది."

మర్నాడు పంతులు సంచీ భుజాన వేసుకొని, సెలవు తీసుకోవడానికి వచ్చాడు. కెప్టెన్ గారు తిరిగి చూడకుండా హెలికాప్టర్ అద్దం తుడుస్తూనే ఉన్నారు. ఆ అద్దం అప్పటికే తళతళలాడుతున్నది.

"మీ కాగితం పటం కూడా వెంట ఉంచుకోండయ్యా. పలక ఒక్కదాన్నే నమ్ముకోకండి," అని చెప్పి అతడు వెళ్ళిపోయాడు.

పది రోజులు గడిచాయి.

ప్రసవం కష్టమైన ఒక తల్లిని తీసుకొని వస్తున్నారు. సాయంత్రపు ఎండ సూటిగా కళ్ళలో పడుతున్నది. అద్దం నిండా వెలుగే తప్ప కొండ లేదు, లోయ లేదు. కెప్టెన్ గారి లెక్కలో ఒక్క మలుపు తప్పింది. మొదటి లోయే అనుకొని హెలికాప్టర్‌ను కిందికి దించసాగారు.

పలక కీచుమన్నది. దానిమీద ఒక ఎర్రగుర్తు వెలిగింది.

"మామయ్యా, తీగ! పైకి, పైకి!"

ఆయన చెయ్యి ఆలోచనకన్న ముందే లేచింది. తీగ వారి పాదాల కిందుగా జారిపోయింది.

తల్లీబిడ్డలు క్షేమమన్న కబురు అందాక కెప్టెన్ గారు మళ్ళీ పలక ముందుకు వచ్చారు.

"కంపెనీదాంట్లో సగం తీగలు లేవన్నాడు కదే. మరి ఇదెలా వచ్చింది?"

"ఆయన ఎక్కించినదే మామయ్యా. మొత్తం నలభై ఒక్క గుర్తులు. నువ్వు పటం ఇవ్వనన్నావుగా? వెనక కూర్చుని, నువ్వు ఎక్కడెక్కడ పైకి లేపుతున్నావో చూసి రాసుకున్నారు. చూడు, దాదాపు అన్నిటి కిందా నీ పేరే."

ఆ అమ్మాయి వేలితో ఒక్కొక్క గుర్తే తాకింది. 'పెద్ద కెప్టెన్ గారు చూపినది.' మళ్ళీ, 'పెద్ద కెప్టెన్ గారు చూపినది.'



"ఆయన్ని ఒకసారి పిలిపించమ్మా."

"మొన్న ఏదో సందేహం వచ్చి ఫోన్ చేశా. ఉద్యోగం మానేశారట. ఎటు వెళ్ళారో ఆ కంపెనీవాళ్ళకీ తెలీదు."

"ఇవాళ మనల్ని కాపాడిందీ నా గుర్తేనా?"

"కాదు. రెండో లోయలోకి మనం ఎప్పుడూ దిగం కదా. ఇది ఆఖరిది. దీని కింద నీ పేరు లేదు."

కెప్టెన్ గారు కళ్ళజోడు సవరించుకొని, నలభై ఒకటో గుర్తు కింద రాసి ఉన్నది చదివారు: 'పన్నెండేళ్ళ కిందట, నడుపుతూ, నేనే తగిలి తెలుసుకున్నది.'