చప్పుడు దాటని గది

"ఇవాళైనా చెప్తావా, జన్మంతా ఇలా గొణుక్కుంటూనే ఉంటావా?" స్నేహితుడు బల్ల గుద్ది మరీ అరిచాడు.

హాస్టల్లో అందరూ 'గొణుగుడు' అని పిలిచే ఆ కుర్రాడు ఉలిక్కిపడి లైబ్రరీలోని ఆ అద్దాల గదిలోంచి బయటికి చూశాడు. అతను మనసుపడ్డ అమ్మాయి ఎదురుగా పొడవాటి బల్ల దగ్గర కూర్చుని ఏదో పుస్తకం తిరగేస్తోంది. ఆమె పరిశోధన పూర్తయింది. సాయంత్రం రైలెక్కి ఊరెళ్ళిపోతోంది.

"మెల్లగారా! వినిపిస్తుంది."

"వినిపించదు. పిడుగు పడ్డా ఈ గదిలోంచి చప్పుడు బయటికి పోదని లైబ్రేరియన్‌గారే చెప్పారు."

ఆ కొత్త లైబ్రరీ కట్టినవాళ్ళకి చప్పుడంటే జన్మవైరం కాబోలు. ఐదంతస్తుల నడిమధ్యన ఖాళీ వదిలి, పైన గాజు కప్పేశారు. ఎండ కూడా అందులోంచి వడకట్టినట్టు మెత్తగా దిగుతుంది. అడుగుల చప్పుడంతా తివాచీ మింగేస్తుంది. దగ్గొస్తే దొంగతనం చేసినట్టు దిక్కులు చూడాలి. నోరు ఊరుకోనివాళ్ళ కోసం అంతస్తుకి రెండు అద్దాల గదులు కట్టారు.

"నేనే ఆమెననుకో. కానీయ్," అని స్నేహితుడు అద్దానికి వీపు పెట్టి సిగ్గుపడుతూ కూర్చున్నాడు.

"ఏమండీ, మీ మీద నాకు చాలా సదభిప్రాయం ఉంది."

"ఉద్యోగానికి దరఖాస్తా? మళ్ళీ చెప్పు."

"మీరు నడుస్తుంటే ఈ తివాచీ జన్మ ధన్యమైపోతుందండీ."

స్నేహితుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఛీ! మళ్ళీ!"

"ఒరేయ్, ఆమె ఇటే చూస్తోంది!"

"చూడనీ. మూకీ సినిమా అనుకుంటుంది. ఊఁ, చెప్పు."

గొణుగుడుకి ఏడుపొక్కటే తక్కువ. గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"నాకీ నాలుగో అంతస్తులో పనే లేదండీ. నాకు కావలసిన పుస్తకాలన్నీ కిందే ఉంటాయి. మీరుంటారని రోజూ మెట్లెక్కి వస్తున్నాను. రేపట్నించి ఎందుకెక్కాలో తెలియడం లేదు."

స్నేహితుడు ఈసారి నవ్వలేదు. "ఇదేరా! పద, వెళ్ళి ఇదే చెప్పేయ్."

గొణుగుడు కళ్ళు తెరిచేసరికి బయట ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. వెళ్ళిపోయింది! పరుగున వెళ్ళి చెక్క తలుపు లాగాడు.

ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మా అమ్మకి వినపడదండీ. మా ఇంట్లో అందరం పెదాలు చూసే మాట్లాడుకుంటాం," అందామె నవ్వాపుకుంటూ. "మూడోసారి చెప్పింది బావుంది. ఇప్పుడది నాకు చెప్పండి."