పుచ్చినవే ముందు

వేరుశనగ చేను గట్టు కింద కన్నంలో ఒక ఎలుకల కుటుంబం ఉండేది. ఆ ఇంట్లో ముత్తాతల నాటి నుంచీ ఒకటే కట్టుబాటు: ఏ రోజు తెచ్చిన వేరుశనక్కాయలు ఆ రోజు దాచాలి, పాతవే తినాలి. పాతవి పారేస్తే పాపం, కొత్తవి తింటే దుబారా.

కొత్తగా కాపరానికొచ్చిన కోడలు పైడితల్లి మొదటి కాయ కొరకగానే మొహం చిట్లించింది.

“అత్తా, ఇది పుచ్చింది. పొద్దున తెచ్చిన మంచికాయలు ఉన్నాయిగా!”

“ఉంటే? ముందు పుచ్చినవి అవగొట్టాలి. లేకపోతే దండగైపోవూ?” అంది అత్త నాంచారమ్మ.

“ఇవి అయ్యేలోగా మంచివి కూడా పుచ్చిపోతాయి కదత్తా!”

“పుచ్చితే వాటి వంతు వచ్చినట్టే, అప్పుడు తింటాం. మా అత్త ఇలాగే సంసారం నిలబెట్టింది. నీ ఒక్కదాని నోటికే రుచులు కావాలా?”

పైడితల్లి కొత్త కాయ ఒకటి తెచ్చి పటుక్కున విప్పింది. ఒక గింజ తన నోట్లో వేసుకుని, రెండోది అత్త చేతిలో పెట్టింది.

నాంచారమ్మ సణుగుతూనే నోట్లో వేసుకుంది. ఒక్కసారి నమిలి ఆగిపోయింది. మీసాలు నిక్కబొడుచుకున్నాయి.

“ఒసేవ్ పైడీ! శనక్కాయ తియ్యగా ఉంటుందా? చేదే దాని రుచి అనుకున్నానే ఇన్నాళ్లూ!”

ఇంకాస్త నమిలి నిట్టూర్చింది.

“పాపం, మా అత్త ఈ సంగతి తెలియకుండానే పోయింది. ఏదీ, ఇంకోటి ఇలా పడెయ్!”