అన్నయ్య ఇచ్చిన ఓవెన్

“కొట్టువాళ్ళు ఒప్పుకున్నారోయ్. రేపొచ్చి ఓవెన్ మార్చి ఇస్తారట.” ఇంజనీరు మొగుడు యుద్ధం గెలిచినవాడిలా ఫోన్ పక్కన పెట్టాడు.

ఆమె ముఖం చిన్నబోయింది. ఆ మైక్రోవేవ్ ఓవెన్ వాళ్ళ పెళ్ళికి అన్నయ్య ముచ్చటపడి ఇచ్చింది.

“దానికేం రోగమండీ?”

“పైన తొమ్మిది వందల వాట్లని రాశారు. లీటరు నీళ్ళు రెండు నిమిషాలు పెట్టి, ఎంత వేడెక్కాయో చూసి లెక్క కట్టాను. అందులో సగమే ఇస్తోంది. మీ అన్నయ్యకి ఎవరో టోపీ పెట్టారు.”

“ఇంకోసారి చూడకూడదూ?”

“చూశానుగా. నాలుగు నిమిషాలు పెట్టినా నలభై రెండు డిగ్రీలు దాటి చావట్లేదు.”

ఆమె ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన నీళ్ళ గిన్నెలో వేలు ముంచి, చటుక్కున వెనక్కి లాక్కుంది. వేలు ఊదుకుంటూనే అతని చేతిలోని థర్మామీటరు చూసింది. నవ్వు ఆగలేదు.

“ఇది జ్వరం చూసుకునేదండీ బాబూ. నలభై రెండు దాటితే మనిషే ఉండడు, ఇక అంకె ఎందుకుంటుంది?”

ఇంజనీరు దాన్ని దీపం కిందకి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“మరి రేపు కొట్టతను వస్తే ఏం చెప్పను?”

“మీరేం చెప్పక్కర్లేదు. అతని ముందే ఇందులో టీ కాచి మీకిస్తాను. మీ నాలుక కాలితే ఓవెన్ ఇక్కడే ఉంటుంది.”