పిన్నీసులు తీసిన వారం

2001 ఆగస్టులో ఒక మంగళవారం ఉదయం, సఖినేటిపల్లి రేవుకి దగ్గర్లో ఉన్న ఒక ఇంట్లో వెంకటదుర్గ ఇనప్పెట్టె తెరిచి, లేసు పువ్వుకున్న పిన్నీసు తీసి, ఆఖరి ముడి వేసింది.

గుమ్మంలో బియ్యం చెరుగుతున్న అత్త సీతారత్నం చేట ఆపింది.

"ఏం చేస్తున్నావే?"

"ముడేస్తున్నానత్తా."

"దేనికి?"

"పెట్టెలో ఉన్నవన్నిటికీ."

ఆ ముడి సంగతి కోడలికి నేర్పింది సీతారత్నమే. ఆమెకి వాళ్ళత్త నేర్పింది. మగాడు సముద్రం మీద చేపల వేటకెళ్ళినప్పుడు ఇంట్లో ఆడది లేసు అల్లుకోవచ్చు గాని ఆఖరి ముడి వెయ్యకూడదు. కొసనున్న ఉచ్చు జారిపోకుండా పిన్నీసు గుచ్చి పక్కన పెట్టాలి. మనిషి ఒడ్డెక్కాకే ముడి. ఊళ్ళో మిగతా ఇళ్ళలో ఈ పట్టింపు లేదు.

వెంకటదుర్గ మొగుడు రాంబాబు తొంభై ఆరు తుపానుకి ముందు వేటకెళ్ళాడు. పడవ చెక్కలు అంతర్వేది దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. తోటివాళ్ళ శవాలు దొరికాయి. రాంబాబు దొరకలేదు.

అప్పటినుంచి ఆమె పగలు రొయ్యల షెడ్డులో పని చేసేది, సాయంత్రాలు లేసు అల్లేది. పువ్వులు, బల్లగుడ్డలు, దిండు గలీబుల అంచులు. అన్నీ ఆఖరి ముడి దగ్గర ఆగిపోయాయి. పెట్టె అడుగునున్న పిన్నీసులు తుప్పు పట్టాయి.

"వాడు ఒడ్డెక్కేడని నీకెవరైనా చెప్పేరా?" అంది సీతారత్నం.

"ఎవరూ చెప్పలేదు."

"పోనీ, పోయేడని చెప్పేరా?"

"అదీ ఎవరూ చెప్పలేదత్తా."

"మరెందుకే?"

వెంకటదుర్గ ఇంకో పిన్నీసు లాగింది. తుప్పుకి దారం అంటుకుపోయింది. ఉమ్మితో తడిపి విడదీసింది.

"అయిదేళ్ళయింది. ఎన్నాళ్ళని ఇలా ఉంచుతాం?"

కొడుకు బతికే ఉన్నాడనుకోవడానికి సీతారత్నానికి మిగిలింది ఆ పెట్టె ఒక్కటే. ఆమె చేటని అక్కడే వదిలేసి లోపలికెళ్ళి పడుకుంది.

మధ్యాహ్నం పక్కింటి సత్యదుర్గ వచ్చింది.

"అత్త అన్నం ముట్టలేదంట. ఏంటి వదినా ఇది?"

"ముళ్ళు వేస్తున్నాను. అంతే."

"అంటే అన్నయ్య ఇంక లేనట్టేనని..."

వెంకటదుర్గ ఇంకో పువ్వు తీసుకుని పిన్నీసు లాగింది.

"అలా అనుకుంటే కర్మ కూడా చేయించెయ్యి. నలుగురికీ అన్నం పెడితే ఆ జీవుడికీ దారి దొరుకుద్ది."

"కర్మ వద్దు."

"మరి బొట్టు?"

"బొట్టుకేం? ఉంటాది."

సత్యదుర్గ కాసేపు ఆమె చేతులకేసి చూసింది.

"సగం ధైర్యమే చేసేవు. మిగతా సగం కూడా మెల్లిగా వస్తాదిలే వదినా" అని లేచి వెళ్ళింది.

శుక్రవారం దేవసహాయం పంటు పడవ మీద గోదావరి దాటి, సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ఆయనకి నర్సాపురంలో లేసు దుకాణం ఉంది. దారం ఇచ్చేది, అల్లినవి తీసుకునేది ఆయనే. ముడి పడ్డాకే తీసుకుంటానని ఇన్నేళ్ళూ ఊరుకున్నాడు.

"ఆఖరికి బయటికొచ్చిందా నా దారం? అయిదేళ్ళ బట్టి నీ పెట్టెలోనే కాపురం పెట్టింది."

"తీసుకెళ్ళండి. అన్నీ అయిపోయేయి."

"అది సరే గాని, మొన్న సోమవారం దారానికొస్తానన్నావు, రాలేదేంటమ్మా?"

"వచ్చేనండి. బస్టాండు దాకా వచ్చేను. అక్కడ కళ్ళు తిరిగినట్టయింది. వెనక్కొచ్చి పంటెక్కేసేను."

"ఒక్కదానివీ గోదారి దాటేవు కదా. ఆ నీళ్ళు చూసేసరికి మీ ఆయన గుర్తొచ్చుంటాడు."

"ఆయ్."

దేవసహాయం ఒక్కొక్కటీ తీసి వెలుతురులో పట్టుకుని చూశాడు. తుప్పు మరకలకి నిమ్మకాయ రుద్ది ఎండలో పెడితే పోతాయన్నాడు. అడుగున చిన్న మెడపట్టీ ఒకటి కనబడింది.

"ఇది నేనిచ్చిన పని కాదే. పిల్లల గౌనుకి కుట్టేది కదూ?"

"నేనే అల్లుకున్నానండి. ఆయన వేటకెళ్ళేముందు మొదలెట్టేను."

"మీకు పిల్లల్లేరు కదమ్మా."

"పుడతారనుకున్నాం."

ఆయన దాన్ని మడిచి ఆమె ముందు పెట్టాడు.

"ఇది ఉంచుకో."

"వద్దండి. మూడేళ్ళ పిల్లకి సరిపోతాది. ఎవరైనా కొనుక్కుంటారు, పట్టుకెళ్ళండి."

దేవసహాయం మూట కట్టుకుని పంటు వేళకి వెళ్ళిపోయాడు.

అప్పుడు సీతారత్నం లోపలినుంచి వచ్చింది. నేలమీద పడి ఉన్న పిన్నీసులు ఏరి ఒక సత్తు డబ్బాలో వెయ్యడం మొదలుపెట్టింది.

"అవెందుకత్తా, తుప్పు పట్టేయి."

"ఉండనీ. వాడొచ్చేక చూపిస్తాను, వాడి కోసం ఎన్నాళ్ళు కూర్చున్నామో."

వెంకటదుర్గ ఏదో చెప్పబోయింది. సీతారత్నం డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, చప్పుడు విని, మూత బిగించింది.

"ఇంక రాడత్తా" అంది వెంకటదుర్గ.

"నీకెలా తెలుసు?"

వెంకటదుర్గ ఖాళీ పెట్టెని గోడవారకి జరిపింది.

అంతకుముందు సోమవారం నర్సాపురం బస్టాండులో వెంకటదుర్గ చూస్తుండగానే రాంబాబు, చంకలో మూడేళ్ళ పిల్లతో, బందరు బస్సెక్కాడు.