క్లచ్ లేని బండి

చిప్రె కొండరోడ్డు సగం ఎక్కేసరికి బండి మళ్ళీ ఊగింది. వెనకున్న టాక్సీవాడు హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"మళ్ళీ కాలెత్తారు ఎవేలియో గారూ," అన్నాడు పక్కసీట్లో ఉన్న డ్రైవింగ్ మేష్టారు యెసీద్.

"గేరు మార్చాలిగా బాబూ."

"అదే మార్చుకుంటుంది. మీరు తొక్కుతూ ఉండండి, చాలు."

టాక్సీ పక్కనుంచి దూసుకుపోయింది. "ఏం తాతా, బండికి ఎక్కిళ్ళా?" అని అరిచి పోయాడు వాడు.

ఎవేలియో జీవితమంతా ఈ మనిసాలెస్ ఊరి కొండవీధుల్లోనే బస్సు నడిపాడు. ఇప్పుడు, గేర్లు తానే మార్చుకునే ఈ బండిని నడపగలనని రేపు పరీక్షలో చూపించాలి. అందులో తప్పితే ఇక ఏ బండీ లేదు. కిటికీ పక్కన కుర్చీ, అంతే.

"నా బస్సులో గుడ్ల బుట్టతో ఎక్కినవాళ్ళు కూడా నిశ్చింతగా కునుకు తీసేవాళ్ళు," అన్నాడు.

"గుడ్లు బాగానే ఉండేవి. నా నడుమే పోయింది," అంది వెనకసీట్లోంచి అతని భార్య నూబియా.

యెసీద్ ఓపిగ్గా మొదట్నించీ చెప్పాడు. లోపల ఫ్యాన్ల లాంటివి రెండు, ఎదురెదురుగా. మధ్యలో నూనె. ఒకటి తిరిగితే నూనె తోసుకెళ్ళి రెండోదాన్ని తిప్పుతుంది. అందుకే బండి మెత్తగా కదులుతుంది. వేగం నిలకడగా ఉన్నప్పుడు రెండూ కలిసి బిగుసుకుంటాయి, పెట్రోలు వృథా పోదు. ఒక గేరు పట్టు వదులుతుండగానే ఇంకోటి పట్టుకుంటుంది.

"మధ్యలో మీరు కాలెత్తేస్తే, ఇక చాలనుకుని అది పై గేరుకి పోతుంది. మళ్ళీ తొక్కగానే కింది గేరు కోసం వెతుక్కుంటుంది. ఈ ఊపు దానిది కాదండీ, మీది."

"తెలుసయ్యా. ఎడమకాలు క్లచ్ మీదికి పోగానే కుడికాలు దానంతటదే లేస్తోంది."

"క్లచ్ లేదండీ."

"అదీ తెలుసు."

"ఈ బండికి ఎడమకాలితో పనే లేదు."

"అందుకేగా కొన్నాం," అంది నూబియా.

మళ్ళీ కదిలారు. మొదటి గేరు రెండో గేరు ఎప్పుడైందో ఎవరికీ తెలియలేదు. ఎవేలియో మొహం విచ్చుకుంది. మలుపు దగ్గర ఇంజను హోరు పెరిగింది. అతని పళ్ళు బిగుసుకున్నాయి. కుడికాలు లేచింది. బండి ఊగింది.

ఈసారి తనే పక్కకి తీసి ఆపేశాడు. స్టీరింగ్ మీద నుదురు ఆనించాడు.

"నొక్కీ నొక్కీ పిక్క పట్టేసింది నూబియా. ప్రాణం పోతోంది. కాస్త రుద్దవే."

యెసీద్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నూబియా దిగి, చుట్టూ తిరిగొచ్చి, అతని పక్క తలుపు తీసింది. రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇక్కడేనా?"

"ఇంకాస్త కిందికి."

ఈస్టర్‌కి ముందు ఆసుపత్రిలో మోకాలి పైదాకా తీసేసిన ఆ ఎడమకాలి పిక్కని, నూబియా గాలిలోనే రుద్దుతూ ఉండిపోయింది.