అరిగిన సీటు

“సీటు పోయిందండీ,” అన్నాడు మెకానిక్ సత్యం, కారు ఇంజనులోంచి తల ఎత్తకుండానే.

కారు పక్కనే నిలబడ్డ తిరుపతిరావు గారు ఒక్క అంగలో సత్యం ముందుకొచ్చారు. ఏళ్ల తరబడి ఆయన బెజవాడ మునిసిపాలిటీలో కౌన్సిలరు. వచ్చే నెలలో మళ్లీ ఎలక్షన్లు.

“ఎవడ్రా నీకు చెప్పింది? ఎవరికిచ్చారంట?”

“ఇవ్వడమేంటండీ? ఇంజనులో వాల్వు కూర్చునే సీటండీ. కాలి అరిగిపోయింది.”

వెనక సీట్లో ఆయన భార్య రావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన తేరుకుని దర్జా తెచ్చుకున్నారు. “నీళ్లు పొయ్యక్కర్లేని కారురా ఇది! గాలికే చల్లబడుద్ది. ఎట్టా కాలుద్ది?”

“పరిగెత్తితేనే గాలి తగులుద్దండీ. మీరేమో భవానీపురంలో నడిరోడ్డు మీద నిలబెట్టి, ఇంజను రొద పెట్టిస్తా ఉపన్యాసాలు దంచారు. కదలకుండా అరిస్తే కాలదా మరి?”

“సరే, కొత్త సీటు వేసెయ్.”

“మరి దాని మీద కూర్చునేదో?” అంది రావమ్మ.

“వాల్వు కూడా మార్చాలమ్మా. పాతదాన్నే కూర్చోబెడితే కొత్త సీటునీ పాడుచేసుద్ది.”

ఈసారి రావమ్మ నవ్వలేదు. భర్త వంకే చూస్తోంది.

తిరుపతిరావు గారు అటూ ఇటూ చూసి, సత్యం చెవి దగ్గరకు వంగారు.

“ఎలక్షన్లయ్యేదాకా ఈ వాల్వు మాట ఎక్కడా అనకు, నాయనా.”